కుళాయికి పట్టిన గార

మా అత్తగారిది రాజాం దగ్గర పల్లె. తియ్యటి బావినీళ్లు తాగి పెరిగిన మనిషి. నేను ఉద్యోగం చేస్తున్నది భావనపాడుకు దగ్గర్లో, సముద్రం గాలి తగిలే ఊళ్లో. ఇక్కడ కుళాయి తిప్పితే వచ్చేవి ఉప్పునీళ్లు. సబ్బు అరుగుతుంది గాని నురగ రాదు. కుక్కర్ ఎన్ని కూతలు కూసినా కందిపప్పు పలుకుగానే ఉంటుంది. తలస్నానం చేసి వస్తే నా జుట్టు కొబ్బరిపీచులా నిలబడి ఉంటుంది.

కిందటిసారి వచ్చినప్పుడు అత్తగారు స్నానం చేసి బయటికొచ్చి, "ఏటి బాబూ, బకెట్టుకి సున్నం ఏయించినారేటి?" అని అడిగారు. వేళాకోళం కాదు, నిజంగానే అడిగారు. అదే నన్ను ఎక్కువ గుచ్చింది. నేను హైస్కూల్లో సైన్సు మాస్టర్ని. కఠినజలం పాఠం ఏటా చెబుతాను, పరీక్షలో తప్పకుండా వస్తుందని పిల్లలచేత గీత గీయిస్తాను కూడా. అలాంటివాడి ఇంట్లో బకెట్టు అలా ఉండడమా?

అందుకని మొన్న వేసవిలో ఆవిడ మళ్లీ వస్తున్నారని తెలియగానే నడుం కట్టాను. మా ఆవిడ వాళ్లమ్మను తీసుకురావడానికి బస్టాండుకు బయల్దేరుతూ, "బాత్‌రూమ్ నిన్న నాను తోమేసినాను. మీరేటీ ముట్టుకోకండి" అంది. సరేనన్నాను. ఆవిడ వీధి మలుపు తిరగగానే తలుపు గడియ పెట్టి లుంగీ ఎగ్గట్టాను.

బకెట్టును నిమ్మచెక్కతో రుద్దితే కాస్త తెల్లదనం వదిలింది. చింతపండుతో మగ్గు కూడా దారికొచ్చింది. ఇక నన్ను ఆపేవాడు లేడు. కుళాయి గోడలోకి దిగేచోట, జామకాయంత గార గడ్డ ఉంది. దాని మీద నిమ్మకాయ పని చేయలేదు, చింతపండు పని చేయలేదు. సుత్తి తెచ్చాను. మెల్లగానే కొట్టాను. ఏమీ కాలేదు. ఇంకొంచెం గట్టిగా కొట్టాను. గడ్డ మొత్తం ఊడి కింద పడింది. "ఆహా" అనుకున్నాను.

ఆ వెంటనే నీళ్లు నా మొహాన కొట్టాయి. గడ్డ వెనక పైపు తుప్పు పట్టి ఎప్పుడో చిల్లు పడిందట. ఇన్నాళ్లూ ఆ చిల్లును మూసిపెట్టి మా ఇంటిని కాపాడింది ఆ గారే. పాఠంలో ఈ ఉపయోగం ఎక్కడా రాయలేదు.

అరచేత్తో అదిమి పట్టుకున్నాను. చెయ్యి తీస్తే వరద. సరిగ్గా అప్పుడే వీధి తలుపు చప్పుడైంది.

"ఏటండీ! తలుపు తీయండి!" మా ఆవిడ గొంతు.

"రాలేను!" అని అరిచాను.

బయట అత్తగారి మాట వినిపించింది. "తానం సేస్తన్నాడేమోనే. తొందరెట్టకు పాపం."

"తానం కాదత్తా!" అన్నాను. చివరికి చెయ్యి వదిలేసి పరుగెత్తి తలుపు తీశాను. లుంగీ కాళ్లకు చుట్టుకుని ఉంది, తలమీద గార పెచ్చులు.

అత్తగారు నన్ను కిందనుంచి పైదాకా చూశారు. "ఏటి బాబూ ఇది?"

"కుళాయి శుభ్రం చేస్తున్నానత్తా."

ఆవిడ నేరుగా బాత్‌రూమ్‌లోకి నడిచారు. సంచి పక్కన పెట్టి, చీర కుచ్చెళ్లు దోపుకుని, నా తువ్వాలును చిల్లుకు చుట్టి రెండు చేతులతో అదిమి పట్టుకున్నారు. "టాంకీ కాడికెల్లి నీలు కట్టీసిరా" అన్నారు. మేడమీదికి పరుగెత్తాను. టాంకీ దగ్గరి వాల్వుకూ గారే. తిరగలేదు. బలమంతా పెట్టి తిప్పితే చక్రం ఊడి చేతికొచ్చింది. దాన్ని పట్టుకునే కిందికి దిగాను.

అత్తగారు నా చేతిలోని చక్రం చూసి, "అది కూడా ఊడబీకేసినావా?" అన్నారు. మా ఆవిడ అటు తిరిగి నిలబడింది. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందేమోనని దగ్గరికెళ్లాను. నవ్వు ఆపుకోలేక పోతోంది.

టాంకీ ఖాళీ అయ్యేదాకా ముగ్గురం బిందెలు, గిన్నెలు, ఆఖరికి ఇడ్లీపాత్ర కూడా నింపుకున్నాం. సాయంత్రం ప్లంబరు వచ్చి కొత్త కుళాయి బిగించాడు. దానికి డబ్బులిచ్చేటప్పుడు మా ఆవిడ నా సుత్తిని కూడా అతనికే ఇచ్చేసింది. నేను అడ్డు చెప్పలేదు.

అత్తగారు ఉన్నన్నాళ్లూ ఆ సంగతి ఎత్తలేదు. ఎంత మంచి మనిషో అనుకున్నాను. ఆవిడ ఊరెళ్లాక చేసిన పనేమిటో తర్వాత ఒక పెళ్లిలో తెలిసింది. రాజాంలో వాళ్ల చుట్టాల పెళ్లి. ముక్కూమొహం తెలియని పెద్దాయన ఒకాయన నా పక్కన కూర్చుని, ఎంతో మర్యాదగా అడిగాడు. "బాబూ, మాస్టరుగారు నువ్వే కదేటి? మా ఇంటికాడ కుళాయి కారతన్నాది. ఓపాలి వొచ్చి సూస్తావేటి?"

వెటకారమో, నిజంగానే అడుగుతున్నాడో ఇప్పటికీ నాకు తెలియదు. అప్పుడు మాత్రం నిజమే అనుకున్నాను. ఇల్లు ఎంత దూరమని అడుగుతూ లేవబోయాను. మా ఆవిడ నా చొక్కా పట్టుకుని భోజనాల వైపు లాక్కుపోయింది.