సంపాదకురాలిగా మా మేడమ్ పేరు

మేడమ్ పోయారన్న కబురు నాకు హిందీలో వచ్చింది. జగదల్‌పూర్ కాలేజీ ప్యూన్ ఫోన్ చేసి, "మేడమ్ నహీ రహీ" అన్నాడు. గీదం బడిలో పిల్లలకు వేరు నుంచి ఆకు దాకా నీరు ఎలా ఎక్కుతుందో చెబుతున్నాను. చదువుకుంటూ ఉండమని వాళ్లకు చెప్పి వరండాలోకి వచ్చాను. ఎవరికైనా తెలుగులో చెప్పుకుని ఏడవాలనిపించింది. అలా చెప్పుకోగలిగిన మనిషే పోయారని అప్పుడు తట్టింది.

మీలో ఆవిడ తెలిసినవాళ్లు తక్కువే ఉంటారు. భోపాలపట్నంలో కిరాణా వ్యాపారుల ఇంటి ఆడపిల్ల. జగదల్‌పూర్‌ కాలేజీలో నాలాంటివాళ్లకు వృక్షశాస్త్రం చెప్పారు. పెళ్లి చేసుకోలేదు, రిటైరయ్యాక కూడా అదే అద్దె ఇంట్లో ఉండిపోయారు. క్లాసులో హిందీ, సంతలో హల్బీ. మేమూ బట్టల కొట్టు నడుపుకునే తెలుగువాళ్లమే కాబట్టి ఇంటికి వెళితే నాతో మాత్రం తెలుగు. బాగున్నావా అని ఆవిడ ఎన్నడూ అడగలేదు. "ఏందే, ఇయ్యాల ఏం జూసినవ్?" అదీ పలకరింపు. కొత్తగా ఏదైనా చూసి వస్తే టీ, లేకపోతే టీతో పాటు చీవాట్లు.

మొక్కల్ని పాత పేపర్ల మధ్య పెట్టి ఆరబెట్టేవారు. అన్నీ హిందీ పేపర్లే. భద్రాచలం నుంచి ఎవరైనా పచ్చడి సీసాకు చుట్టి తెచ్చిన తెలుగు పేపరును మాత్రం మొక్కలకు ఇచ్చేవారు కాదు. మడతలు సాపు చేసి, నూనె మరకల చుట్టూ ఉన్న అక్షరాలు కూడబలుక్కుని, ఎప్పటివో పెళ్లి సంబంధాల ప్రకటనలతో సహా చదివేవారు. నేను నవ్వితే, "నవ్వకే, నా ఇంటికొచ్చే చుట్టం ఇదొక్కటే" అన్నారు ఒకసారి. తమాషాకే అన్నారనుకున్నాను.

రిటైరయ్యాక ఆవిడకు ఫోన్లు తగ్గిపోయాయి. అలాంటి రోజుల్లో ఒక మెయిల్ వచ్చింది. గౌరవనీయులైన ఆచార్యా, మీ పాండిత్యం చూసి మాకెంతో ముచ్చటేసింది, మా అంతర్జాతీయ పరిశోధన పత్రికకు సంపాదకులుగా ఉండండి అని దాని సారాంశం. ఎవరైనా ఊరికే చదువుకోవచ్చట, అచ్చు వేసుకునేవాళ్లే ఫీజు కట్టాలట. అలా నడిచే మంచి పత్రికలు కూడా ఉన్నాయి, ఆ సంగతి మేడమ్‌కు తెలుసు. అందుకే నమ్మారు. నాకు కబురు పంపి మరీ మిఠాయి పెట్టారు. ఆ రోజు కొత్త చీర కట్టుకున్నారు కూడా.

అలాంటి మెయిళ్లు రోజుకు పది వస్తాయని, ఆ పదవి పేరుకేనని ఎవరికైనా తెలుసు. మేడమ్ మాత్రం నిజంగానే పని మొదలుపెట్టారు. మొదట వచ్చిన వ్యాసంలో ఎవరో మహానుభావుడు బస్తర్‌లో ఇప్పపువ్వును వానాకాలంలో ఏరుతారని రాశాడు. ఎండాకాలం ముదరకముందే ఇంటిల్లిపాదీ గంపలు పట్టుకుని చెట్టు కిందికి వెళతారని ఇక్కడ పసిపిల్లను అడిగినా చెబుతుంది. మేడమ్ తప్పులన్నీ ఎత్తి చూపిస్తూ పెద్ద జాబు రాశారు. "చెట్టు కాడికి పోకుండ రాసినోడు, ఉప్పు జూడకుండ వడ్డించినోడు ఒక్కటే" అన్నారు నాతో. వారం తిరక్కుండానే ఆ వ్యాసం ఉన్నదున్నట్టు వెలువడింది. పైన సంపాదకురాలిగా మేడమ్ పేరు.

తన పేరు తీసెయ్యమని రాశారు. జవాబు లేదు. మళ్లీ రాశారు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. పాత సహోద్యోగి ఒకాయన, పోనీ మేడమ్, బయోడేటాలో బాగుంటుంది కదా అని సలహా ఇచ్చాడు. ఆయన ప్రమోషన్ పాయింట్లన్నీ అలాంటి పత్రికల్లోంచే వచ్చాయి. ఆ తర్వాత ఆ మాట మేడమ్ నా దగ్గర తప్ప ఇంకెవరి దగ్గరా ఎత్తలేదు.

ఒక ఆదివారం నేను వెళ్లేసరికి టీ పెట్టుకోకుండా కూర్చుని ఉన్నారు. కొండగావ్ నుంచి ఒక అమ్మాయి ఫోన్ చేసిందట. ఆ పత్రికకు తన వ్యాసం పంపి ఫీజు కట్టిందట. అది దొంగ పత్రిక అని యూనివర్సిటీ వాళ్లు ఆ వ్యాసాన్ని లెక్కలోకి తీసుకోలేదట. మీ పేరు చూసే పంపాను మేడమ్ అని ఏడ్చిందట. మేడమ్ ఏడవలేదు.

"బతికుండంగ నా పేరు నేను తెచ్చుకోలేకపోతున్ననే. నేను పోయినంకనన్న నువ్వు తీపియ్యి."

అవేం మాటలు మేడమ్ అన్నాను. ఆవిడ వినలేదు, మాట తీసుకున్నాకే టీ పెట్టారు.

అంత్యక్రియలకు భోపాలపట్నం నుంచి మేడమ్ తమ్ముడొచ్చారు. కొన్నాళ్లకు ఆయన్ని అడిగి మరణ ధ్రువపత్రం నకలు తెప్పించుకున్నాను. దాన్ని జతచేసి, ఈమె కన్నుమూశారు, దయచేసి ఇకనైనా పేరు తొలగించండి అని పత్రికకు మెయిల్ పెట్టాను. మేడమ్‌కు ఏనాడూ జవాబివ్వనివాళ్లు నాకు గంటలోపే ఇచ్చారు. మీరు పంపిన పరిశోధన వ్యాసం అందింది, నిపుణులు క్షుణ్ణంగా పరిశీలించారు, ప్రచురణకు అంగీకరించాం, ఫీజు ఫలానా చోట కట్టండి అని. కింద సంతకం స్థానంలో సంపాదకురాలు, మేడమ్ పేరు.

చదవకుండా ఒక్క పేజీని కూడా ముందుకు పంపని మనిషి. తన చావు కాగితాన్నే ఆవిడ పాస్ చేసినట్టు వాళ్లు రాశారు. నాకు ముందు నవ్వొచ్చింది. ఈ సంగతి చెబితే కడుపు పట్టుకుని నవ్వేది ఈ బస్తర్ మొత్తంలో ఆవిడ ఒక్కరే కదా అనుకోగానే ఏడుపొచ్చింది. మళ్లీ రాశాను. రాస్తూనే ఉన్నాను. మేడమ్ ఎంత ఒంటరిగా ఈ మెయిళ్లు రాసి ఉంటారో ఇప్పుడు తెలుస్తోంది.

నిన్న వాళ్ల వెబ్‌సైట్ మళ్లీ తెరిచాను. పేరు అక్కడే ఉంది. ఇన్నాళ్లూ పేరు మీదే కళ్లు పెట్టి చూశాను కానీ పక్కనున్న చిన్న ఫొటోను పట్టించుకోలేదు. మొక్కలు చూడటానికి వెళ్లినప్పుడు తీరథ్‌గఢ్ జలపాతం దగ్గర క్లాసంతా కలిసి దిగిన ఫొటో అది. వాళ్లు అడిగితే మేడమే పంపి ఉంటారు. మమ్మల్నందరినీ తీసేసి ఆవిడ ఒక్కరినే ఉంచారు. కత్తిరించడం కూడా సరిగా చేతకాలేదు వాళ్లకు. ముక్కూ మొహం తెలియని పేర్ల మధ్య మేడమ్ నవ్వుతున్నారు, ఆవిడ ఎడమ భుజం మీద నా వేళ్లు మిగిలిపోయి ఉన్నాయి.