పల్లంలో చూసి కొన్న బండి

గుట్ట ఎక్కడానికి బండి కావలసిన మనిషి, ఆ బండిని గుట్ట దిగి చూసి కొన్నాడంటే వాణ్ణి మీరేమంటారో నాకు తెలుసు. మా ఇంటామె ఇప్పటికే అనేసింది కనుక మీరు మొహమాటపడి ఊరుకున్నా నష్టం లేదు. ఇన్నాళ్లకు ఈ సంగతి మళ్లీ ఎందుకు తవ్వుతున్నానంటే, నిన్న సాయంత్రం ఎదురింటి అమ్మాయి వచ్చింది. గుట్ట మీది బడిలో ఆమెకు టీచరు ఉద్యోగం దొరికిందట. "అంకుల్, ఎత్తు ఎక్కాలె, పైసలు ఎక్కువ కావద్దు. ఏ బండి మంచిగుంటదో జర చెప్పుర్రి. మీకు బండ్ల సంగతి మస్తు ఎరుకనట గద" అన్నది. ఎవరు చెప్పారమ్మా అని అడగబోయేలోగా వంటింట్లోంచి మా ఇంటామె నవ్వు వినిపించింది. ఎవరు చెప్పారో అడగవలసిన పని లేకపోయింది.

మా ఇల్లు కార్వాన్‌లో ఒక గల్లీ చివర. నేను పగలు ఆఫీసులో ఫైళ్లు మోసే గుమాస్తానే అయినా, తెల్లవారుజామున మాత్రం గుట్ట మీది స్వామికి పూలదండలు మోసే వంశంవాణ్ణి. మా తాత మోశాడు, నాన్న మోశాడు, నేను మోస్తున్నాను. సాయంత్రం గుడిమల్కాపూర్ మార్కెట్ నుంచి చామంతి, మరువం, తులసి తెస్తే మా ఇంటామె దీపాలు పెట్టే వేళకు కూర్చుని దండలు కడుతుంది. ఇల్లంతా మరువం వాసన. ఆ వాసన పీల్చడం కూడా తప్పే, స్వామికి ముందు మనం వాసన చూడకూడదు. అందుకని పూలు కట్టే ఆ గంటసేపు మా ఇంట్లో అందరికీ జలుబు చేసినట్టు ఉంటుంది. పూలబుట్టకు ఇంకా నియమాలున్నాయి. నేల మీద పెట్టకూడదు. నడుముకు కిందుగా పట్టకూడదు. కాళ్ల దగ్గరికి అసలే రాకూడదు. అందుకే మా నాన్న బుట్టను తడిబట్ట కప్పి తలమీద పెట్టుకుని, చెప్పుల్లేకుండా, దారిలో ఎక్కడా ఆగకుండా పైకి నడిచేవాడు. గుడి మా ఇంటికి రెండు కిలోమీటర్ల లోపే. అందులో సగం మామూలు రోడ్డు, మిగతా సగం మూడు మలుపుల ఎత్తు.

నేనూ అట్లాగే నడిచాను, యాభై దాటేవరకు. నాలుగేళ్ల కింద డాక్టరు నా మోకాళ్ల ఫోటో వెలుతురుకు పట్టి చూసి, ఇక ఎత్తులెక్కడం బందు అన్నాడు. ఇంట్లో ప్రతి పనికీ నేను మోకాలడ్డుతానని మా ఇంటామె ఎప్పుడూ అనేది. ఆ ఏడు నా మోకాలు నాకే అడ్డం వచ్చింది. ఆటోవాళ్లను అడిగితే ఆ వేళకు ఆ ఎత్తు ఎవరూ రామన్నారు. ఇక బండి కొనక తప్పదు, అదీ మా బడ్జెట్టులో, అంటే చవకలో.

ఇక్కడ మా బామ్మర్ది ప్రవేశిస్తాడు. బావ బతుకు కోరేవాడు బామ్మర్ది అంటారు. మావాడు బతుకు కోరడమే కాదు, దానికి బేరం కూడా కుదురుస్తాడు. ప్లాట్లు, ఫ్రిజ్జులు, పాత బండ్లు, పెళ్లి సంబంధాలు, వాడు ఇంతవరకు అమ్మనిది వాళ్ల అమ్మనొక్కదాన్నే. కబురు తెలియగానే వచ్చేశాడు. "బావా, కరెంటు బండి ఉన్నది. ఒక్క చేతిల నడిచిందే. పెట్రోలు లేదు, లైసెన్సు లేదు, నంబరు ప్లేటు లేదు, సప్పుడు లేదు. ఇగ నీకేం ఫికర్?" అన్నాడు. ఇన్ని లేనివి ఉన్న బండిలో ఇంకా ఏమేం లేవో అడగాలని నాకు తట్టలేదు.

గల్లీ మొగదలలో మెకానిక్ భాయ్ ఉన్నాడు, ఆయన్నొకసారి అడుగుదామని మా ఇంటామె అన్నది. సొంత తమ్ముణ్ణి నమ్మని ఆడదాన్ని చూసి నేను ఆశ్చర్యపోయాను. తమ్ముడంటే ఏమిటో అక్కకు తెలిసినంత బావకు తెలియదని తర్వాత అర్థమైంది.

ఆదివారం మధ్యాహ్నం మూడున్నరకు బామ్మర్ది ఫోను చేశాడు. బండి గుట్ట మీదే ఉన్నదట. "ముందుగాల స్వామి ముంగట పూజ జేపిద్దం బావా, గటెన్క నడిపి చూసుకో. నచ్చకుంటే నాకే వాపస్ ఇయ్యి." ఎంత మంచి ఆలోచన అనుకున్నాను. వాడి స్కూటర్ వెనక కూర్చుని పైకి పోయాను. గుడి ముందు నీలిరంగు బండి తళతళలాడుతూ నిలబడి ఉంది. అయ్యగారు పసుపు కుంకుమ పెట్టి, హారతిచ్చి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. నేను చేతి గడియారం చూసుకున్నాను. నాలుగూ పది. ఆదివారం రాహుకాలం నాలుగున్నరకు. ఆలోపు బండి కదలాలి. పూజ చేసి బయల్దేరిన కొత్త బండిని ఇంటికి చేరకముందే వెనక్కి తిప్పడం మా ఇంటావంటా లేదు. అంటే దిగి చూడడమే కాని, మళ్లీ ఎక్కి చూడడం కుదరదన్న మాట. ఈ ముహూర్తాలన్నీ నాకంటే బామ్మర్దికి బాగా తెలుసునని ఆ క్షణాన నాకెందుకు తోచలేదో ఆ స్వామికే తెలియాలి.

ఎక్కి కూర్చుని యాక్సిలరేటరు చెవి తిప్పాను. నిమ్మకాయలు చిట్లాయి. బండి పోయింది చూడండి! సప్పుడు లేదు, పొగ లేదు, కుదుపు లేదు. మూడు మలుపులూ గాలిపటంలా దిగింది. గుట్ట కింద చాయ్ హోటలాయన నోరు తెరిచి చూస్తూంటే, నా దర్జా చూసి అనుకున్నాను. ఏడాదికోసారి కూడా నవ్వని నేను ఆ రోజు గల్లీలోకి నవ్వుతూ వచ్చానని మా ఇంటామె ఇప్పటికీ సాక్ష్యం చెబుతుంది.

సోమవారం తెల్లవారుజామున రెండు బుట్టలు వెనక సీటుకు కట్టాను. కాళ్ల దగ్గర కావలసినంత జాగా ఉంది, కాని స్వామి పూలు అక్కడ పెట్టకూడదు కదా. గుట్ట మొదలుదాకా బండి బాగానే వచ్చింది. మొదటి మలుపు ఎక్కింది. రెండో మలుపు దగ్గర దమ్ము పట్టినవాడిలా నెమ్మదించింది. నేను చెవి పూర్తిగా తిప్పాను. బండి పూర్తిగా ఆగింది. ఆగితే ఆగింది, వెనక్కి జారడం మొదలుపెట్టింది! రెండు బ్రేకులూ పట్టినా బుట్టల బరువుకు ముందు చక్రం లేస్తూ ఉంది. నా నోట గోవింద నామం ఎంత గట్టిగా వచ్చిందంటే, కింద చాయ్ హోటలాయన ఊరేగింపు వచ్చిందనుకుని గ్లాసులు సర్దాడట. తర్వాత సంగతి అర్థమై పరుగెత్తుకొచ్చి వెనకనుంచి పట్టుకున్నాడు. పట్టుకుని, ఆయాసపడుతూనే నాకు ఇంకో దెబ్బ వేశాడు.

"ఏంది సార్, దీన్ని నడుపుతున్నరా? నిన్న దీన్ని ట్రాలీ ఆటోల పండవెట్టి, మీద తాడిపత్రి కప్పి పైకి తోల్కపోయిండ్రు గద. మీరు దాన్ని దింపుకుంట వస్తుంటే నేను పరేషానైన!"

కరెంటు బండి కొన్నందుకు నాకు తగిలిన మొదటి షాకు అదే. బండి ఎప్పుడూ ఆ గుట్ట ఎక్కలేదు. దానికి దిగడం ఒక్కటే వచ్చు.

ఆయనా నేనూ కలిసి బండిని పైకి తోశాం. బుట్టలు దింపి తేలిక చేద్దామంటే నేల మీద పెట్టకూడదు. మోసుకుంటూ పోదామంటే నా మోకాళ్లు. గుడి చేరేసరికి తెర తీసేశారు. ఆ రోజు నేను చూసింది ఇప్పటికీ కళ్లలోంచి పోలేదు. స్వామి మెడ బోసిగా ఉంది. నా ఎరుకలో, మా నాన్న ఎరుకలో, తెర తీసినప్పుడు ఆ మెడ ఖాళీగా ఉన్న పొద్దు లేదు. అయ్యగారు నన్ను తిట్టి ఉంటే బాగుండేది. ఆయన చేతులు చాపి దండ అందుకుని, "మీ నాయిన పోయిన నాడు సుత ఇట్ల కాలేదు" అన్నారు, అంతే. వెనకనుంచి కమిటీ పెద్దమనిషి ఒకాయన గొంతు సవరించుకుని, ఇంకొక్కసారి ఆలస్యమైతే ముక్కోటి ఏకాదశి నుంచి దండల పని మార్కెట్‌లోని దుకాణానికి ఇచ్చేస్తామన్నారు. ఏకాదశి ఇంకా తొమ్మిది రోజులుంది. మూడు తరాల పని నా చేతిలో, కాదు, నా చెవి తిప్పే చేతిలో, ఆగిపోయేటట్టుంది.

దిగుతూ బండిని నేరుగా మెకానిక్ భాయ్ దగ్గరికి తెచ్చాను. దిగడానికి దానికేం అభ్యంతరం లేదు కదా. భాయ్ బీడీ చెవి మీద పెట్టుకుని, సీటెత్తి, మూత విప్పి, లోపలికి తొంగి చూశాడు. తర్వాత రెండు చేతులూ లోపలికి పెట్టి, గుడ్డలో చుట్టిన దేన్నో బయటికి తీసి, పసిపిల్లను చూపించినట్టు నాకు చూపించాడు. గుడ్డ విప్పితే ఇటుక.

"సాబ్, ఇది అయిదు బ్యాటరీల బండి. నాలుగే ఉన్నయి. అయిదోదాని జాగల ఇటుక వెట్టిండ్రు, లొడలొడ అనకుండ. ముప్పై ఏండ్లాయె నేను రిపేరు జేయవట్టి. ఇటుకతోని నడిచే గాడి ఇగ ఇదే ఫస్టు!"

నేను అక్కడే స్టూలు మీద కూలబడ్డాను. చుట్టూ గాజుల దుకాణం వాళ్లు, బట్టల దుకాణం వాళ్లు గుమిగూడి ఇటుకను చేతులు మార్చుకుంటూ చూశారు. ఒకాయన తూకం కూడా అంచనా కట్టాడు. బామ్మర్దికి ఫోను చేసి ఇటుక సంగతి అడిగితే ఒక్క క్షణం ఆగి, "అది బ్యాలెన్సు కోసం బావా" అన్నాడు. అబద్ధం చెప్పాడని కాదు నా ఆశ్చర్యం. ఒక్క క్షణంలో చెప్పాడని. బండిని మాత్రం వాపసు తీసుకున్నాడు. ఇటుకతో సహా.

తర్వాతి బండిని ఆ రోజే భాయ్ వెతికాడు. నేను రంగు గురించీ మైలేజీ గురించీ అడుగుతుంటే కొట్టిపారేశాడు. "చఢాయికి బడాయి నడ్వది సాబ్, ఎత్తు కాడ సోకులు పనికిరావు. ఇంతకు ముంగట ఎవలు నడిపిండ్రో అడుగుర్రి." అలా దొరికింది ఒక పాత మోపెడ్. ఒకప్పుడు ఎర్రరంగు. రెండు పక్కలా పాల క్యాన్లు రాసుకుని రేకు సొట్టలు పడి ఉంది. పాలాయన దాన్ని ఏళ్ల తరబడి ఎత్తు మీది బస్తీల్లో తిప్పాడట. అయినా భాయ్ వదల్లేదు. నువ్వు మోసే బరువంత బరువు వెనక పెట్టి, నువ్వు ఎక్కే ఎత్తే ఎక్కి, మధ్యలో ఆపి, మళ్లీ లేపాలి, లేస్తే బండి, లేకుంటే బొమ్మ, అన్నాడు. బరువు ఎక్కణ్ణుంచి తేవాలా అని నేను వెతుకుతూంటే మా ఇంటామె తనే వచ్చి వెనక కూర్చుంది. గడియారం చూశాను. దుర్ముహూర్తం. చెబుదామని వెనక్కి తిరిగాను.

"గడియారం కాదు, గుట్టను చూడు" అన్నది ఆమె.

రెండో మలుపు దగ్గర ఆపాను. చెవి తిప్పాను. మోపెడ్ ఒకసారి దగ్గింది, గుట్ట అంతా వినపడేట్టు అరిచింది, పైకి లేచింది. ఆగకుండా గుడి ముందుకు పోయి నిలబడింది. నేను దిగి దానికి దండం పెట్టాను. "నన్ను తూకం రాయి జేసినవు గని, నాకు మొక్కవెందుకు?" అన్నది మా ఇంటామె. ఆమెకూ మొక్కాను. న్యాయమే. ఎదురింటి అమ్మాయికి నిన్న నేను చెప్పిందీ ఇదే, బరువు వేసుకుని ఎత్తు ఎక్కి చూసి కొనమని.

ముక్కోటి ఏకాదశి వచ్చింది. నాలుగు గంటలకే గుట్ట కింద జనం కిక్కిరిసి ఉన్నారు. పోలీసులు కార్లన్నీ కిందే ఆపి, సేవ చేసేవాళ్ల బండ్లనే పైకి వదులుతున్నారు. మూలవిరాట్టు దండ తడిబట్టలో చుట్టి నా ఛాతీకి కట్టుకున్నాను. వెనక సీటు మీద సాయంత్రం ఊరేగింపుకు కావలసిన పూలబుట్ట. మొదటి మలుపుకు ముందే, ఇస్త్రీ నలగని పట్టుపంచెలో, కారు వదిలేసి నిలబడిన బామ్మర్ది కనిపించాడు. పెళ్లాం పిల్లలను అప్పటికే మెట్లదారిన పంపేశాడట. నన్ను చూసి ముఖం వెలిగింది.

"బావా! దేవుని తీర్గ వచ్చినవు. జర ఎక్కిచ్చుకో."

"ఎక్కిచ్చుకుంట గని, బుట్ట ఉన్నది గద రా. దాన్ని చేతులకు తీస్కో, సీటు ఖాళీ అయితది" అన్నాను.

వాడు తాడు విప్పి బుట్టను రెండు చేతులతో భక్తిగా అందుకున్నాడు. నడుముకు పైన పట్టుకున్నాడు. ముహూర్తాలలాగే నియమాలూ వాడికి బాగా తెలుసు. వాడు కాలెత్తి సీటు మీద వేయబోయే లోపల నేను చెవి తిప్పాను.

"బావా! బావా, ఆగు!"

"కింద వెట్టకు రా, స్వామిది!" అని ఒక్కసారి వెనక్కి చూసి అరిచాను. చుట్టూ ఉన్న జనం ఆ మాట విని, స్వామి బుట్ట వస్తున్నదని వాడికి దారి ఇచ్చి చేతులు జోడించారు. ఇక కింద పెట్టే దారి లేదు, ఆగే దారి లేదు, ఇంకొకరికి ఇచ్చే దారి అసలే లేదు.

తెర తీయకముందే దండ స్వామి మెడలో పడింది. అయ్యగారు నా వైపు చూసి తలూపారు. కమిటీ పెద్దమనిషి గొంతు సవరించుకున్నారు కాని ఏమీ అనలేదు. నేను బయటికొచ్చి అరుగు మీద, మోకాళ్లు చాపుకుని కూర్చున్నాను. కింద మలుపులో తల మీద బుట్టతో, చెమటకు పట్టుపంచె ఒంటికి అతుక్కుని, వాడు ఎక్కుతున్నాడు. పైకి వచ్చేసరికి అయ్యగారు ఎదురెళ్లి, ఇంతటి భక్తి ఈ కాలంలో చూడలేదని కళ్లనీళ్లు పెట్టుకుని, జనమంతా వింటుండగా, ప్రతి ఏకాదశికీ ఈ సేవ నీదే నాయనా అని వాడి తలకు శాలువా చుట్టారు. వాడు నా వైపు చూశాడు. నేను గోపురం వైపు చూశాను.

నాలుగేళ్లుగా వాడు ప్రతి ఏకాదశికీ మోస్తున్నాడు. మోపెడ్ మీద నాకు అది మూడు నిమిషాల దారి, వాడికి అరగంట. మిగిలిన ఆ కాలమంతా అరుగు మీద కూర్చుని, చేతి గడియారం చూడకుండా, కిందికి చూస్తూ గడుపుతాను. ఇన్నేళ్ల జీవితంలో తొందరపడకుండా నేను కూర్చున్న అరగంటలు అవే.