ఇంజను కింద కుంపటి పెట్టిన మల్లన్న

మన షెడ్డు నోటీసు బోర్డు మీద ఈ కాగితం పెడుతున్నాను. చదువు రానివారికి పక్కవారు చదివి వినిపించగలరు.

1. నిన్న ఉదయం తాండూరు లారీ క్లీనర్ షెడ్డులోకి వచ్చి తలగుడ్డ విప్పాడు.

2. "మల్లన్న పోయిండు పటేలా" అన్నాడు.

3. "ఏ మలుపు దగ్గర?" అని అడిగాను.

4. "బండి మీద గాదు. మంచంల, నిద్రల."

5. నా చేతిలోని స్పానర్ ఎక్కడ పెట్టానో ఏమో, ఇప్పటికీ దొరకలేదు.

మల్లన్న లాంటి డ్రైవర్ నిద్రలో పోతాడని నేను ఎన్నడూ అనుకోలేదు.

కొత్తగా చేరినవారి కోసం రాస్తున్నాను. మల్లన్న నాపరాళ్ల లారీ నడిపేవాడు. గొర్రెలు కాసే ఇంట్లో పుట్టి, ఫౌజులో చేరి, మంచు కొండల్లో ట్రక్కులు నడిపి వచ్చినవాడు.

ఒక చలికాలం, తెల్లవారుజామున, తాండూరు గనిలో బండ జారి మా తమ్ముడు రాఘవరెడ్డి పాదం నలిగిపోయింది.

రక్తం ఆగడం లేదు. వికారాబాద్ ఆసుపత్రికి చేర్చాలి. రైలు వెళ్లిపోయింది. ఉన్నది మల్లన్న లారీ ఒక్కటే.

అది స్టార్ట్ కాలేదు.

మల్లన్న కింద కారిన డీజిల్‌ను శుభ్రంగా తుడిచాడు. టీ హోటల్ నుంచి నిప్పుల కుంపటి తెచ్చి, ఇంజను ఆయిల్ ఉండే చాంబర్ కింద, కొంత ఎడంగా పెట్టాడు. రేడియేటర్‌లో వేడినీళ్లు పోశాడు.

"అంటుకుంటే అందరం పోతం మల్లన్నా!" అని అరిచాను.

"మంట లేదు పటేలా, నిప్పులే. చలికి ఆయిల్ గడ్డపెరుగైంది. జర పల్చబడనీ."

ఇంజను మీద అరచెయ్యి ఆనించి నిలబడ్డాడు. తమ్ముడి మూలుగు తగ్గుతోంది. నాకు ఆ తగ్గడమే భయం.

చేతికి వేడి తగలగానే కుంపటి లాగేసి, ఇంజను ముందున్న స్టార్టింగ్ హ్యాండిల్ తిప్పాడు.

ఇంజను అందుకుంది.

సగం దారిలో ఫ్యాన్ బెల్టు కీచుమంది. ఇంజను ఆపకుండానే లారీ నిలిపి, మల్లన్న రేడియేటర్‌కు నీళ్లకోసం వాగులోకి దిగాడు. ఆయన తిరిగి వచ్చేసరికి ఫ్యాన్ దాదాపు నిలిచిపోయి, రేడియేటర్ నుంచి ఆవిరి చిమ్ముతోంది.

మాతో వచ్చిన ఎడ్లబండి సాయన్న చేతిలో ఆముదం సీసా.

"బెల్టు ఒర్లుతుంటే జర పోసిన. ఇరుసుకు పొయ్యమా?"

"ఓ ముసలోడా! ఇరుసు జారాలె. బెల్టు పట్టుకోవాలె!"

మల్లన్న ఇంజను ఆపబోయాడు. నేను చెయ్యి పట్టుకున్నాను.

"బంద్ చెయ్యకు! మళ్ల అందుకోకుంటే?"

"చెయ్యకుంటే ఇంజనే కాలుతది. వేడి మీదుంది, అందుకుంటది. ఇడువు పటేలా."

విడిచాను.

తన గొంగడితోనే బెల్టునూ పుల్లీలనూ రుద్ది రుద్ది తుడిచాడు. ఉన్ని నూనెనంతా పీల్చుకుంది. తర్వాత బెల్టును బిగువు చేయడానికి, అది తిప్పే డైనమో బోల్టు వదులు చేశాడు. నేను గడ్డపారతో డైనమోను బయటికి నెడుతూ ఉంటే, ఆయన బెల్టును బొటనవేలితో అదిమి చూశాడు.

"ఇంకా... ఇంకా... ఆపు! తీగ లెక్క గుంజితే బేరింగ్ పోతది. ఏలు పెడితే జరంత లోపలికి పోవాలె."

బోల్టు బిగించాడు. రేడియేటర్‌లో నీళ్లు కొంచెం కొంచెంగా పోశాడు. హ్యాండిల్ తిప్పాడు.

మొదటి తిప్పుకే అందుకుంది.

డాక్టర్లు రాఘవ పాదం తీసేశారు. ప్రాణం నిలిపారు.

నిన్న సాయంత్రం రాఘవ చంకకర్రతో మల్లన్న వెంట గుంత దాకా నడిచాడు. ఎవరో ఎడ్లబండి ఎక్కమన్నారు.

"ఇయ్యాల ఏ బండీ ఎక్క" అన్నాడు.

అందరి తర్వాత మట్టి వేశాడు. చాలాసేపు అక్కడి నుంచి కదలలేదు. మేమూ తొందరపెట్టలేదు.

మల్లన్నా, ఇక ఏ తెల్లవారుజామునా ఎవరూ వచ్చి నీ తలుపు కొట్టరు. వెచ్చగా, ప్రశాంతంగా పడుకో.

ఉదయం ఆరున్నర గంటలు, వికారాబాద్.

కొత్తూరు బాలకృష్ణారెడ్డి