పలక మూలన ఒక్క వరుస

నెలకోసారి మొరాయించే నా లినక్స్ ఫోనును మార్కాపురంలో బాగుచేయగలిగిన మెకానిక్ ఆయనొక్కడే. బ్యాటరీ మార్చినా ఫోను ఆన్ కాకపోతే నిట్టూర్చి, బూట్ పార్టిషన్ మొదలు దాని మెమరీలోని భాగాల పేర్లన్నీ పలక మీద బలపంతో రాసేవాడు. ఏది చెరపాలో, ఏది ఉంచాలో మూడుసార్లు అడిగేవాడు.

"ప్రతిసారీ ఇంత రాయాల్నా అన్నా?" ఒకరోజు విసుక్కున్నాను.

"నిదానంగా పోదాం అక్కా. చెరిపితే మళ్ళ రాదు."

చివరికి ఫోను ఆన్ అయింది. ఆయన నవ్వలేదు. తడిగుడ్డతో పలకంతా తుడిచాడు, మూలనున్న ఒక్క పాత వరుస తప్ప.

"అది ఎవరి ఫోనుది?"

"నాదే. మా నాయన గొర్రెల్ని పిలిచే కేక అందులో రికార్డు చేసి ఉండె. ఆయన పోయినాక, ఒకరోజు అలుపులో చూసుకోకుండా చెరిపినా."

చెప్పి, తర్వాతి ఫోను కోసం చెయ్యి చాపాడు.