రన్ అవుతోంది, కానీ అవ్వకూడదు

ఈ రోజు తణుకులో, నేను పాఠాలు చెప్పే ఇంజనీరింగ్ కాలేజీలో, ఫైనలియర్ ప్రాజెక్టు వైవా జరిగింది. ఎగ్జామినర్‌గా బయటి నుంచి ఒక ప్రొఫెసర్ గారు వేంచేశారు.

మా స్టూడెంట్ సత్యవేణి తన ప్రాజెక్టును ఒక పెద్ద కంపెనీ తయారుచేసిన ప్రోగ్రామింగ్ భాషలో రాసింది. ఆ భాషను కంపెనీ తన సొంత ఆపరేటింగ్ సిస్టమ్‌కే పరిమితం చేసుకుంది. బయటి ప్రోగ్రామర్లు కొందరు పట్టుబట్టి దాన్ని లినక్స్ అనే ఉచిత సిస్టమ్ మీద కూడా నడిచేలా చేశారు. ఈ అమ్మాయి నెలల తరబడి కుస్తీ పట్టి, లినక్స్ మీదే ప్రాజెక్టు చూపించింది. చక్కగా పనిచేసింది.

ప్రొఫెసర్ గారు ముఖం చిట్లించారు.

“ఇది లినక్స్ కదమ్మా. దీనికి కంపెనీ సపోర్ట్ లేదు. ఇది రన్ అవ్వదు.”

“ఆయ్, అవుతోంది కదండి సార్,” అంది సత్యవేణి స్క్రీన్ చూపిస్తూ.

“అవుతోందమ్మా. కానీ అవ్వకూడదు,” అని మార్కుల షీటు పక్కకు నెట్టేశారు.

ఆ పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి. నాకు ఒళ్లు మండింది. అదే ప్రోగ్రామును, ఒక్క అక్షరం మార్చకుండా, ఆ కంపెనీవారి సిస్టమ్ ఉన్న పక్క కంప్యూటర్‌లో నడిపించాను.

“చూశారా! ఇప్పుడు కరెక్టుగా ఉంది,” అని ఆయన సంతోషంగా మార్కులు వేసేశారు. మేం పెట్టిన జీడిపప్పు ఉప్మా తిని, వెళ్తూ వెళ్తూ సలహా కూడా పారేశారు. “ఇకమీదట అవ్వనివాటిని రన్ చెయ్యకమ్మా.”

ఆ కంపెనీలో జీతం తీసుకునేవాళ్లకి కూడా ఇంత భక్తి ఉండదు. కళ్లెదురుగా కనబడేదాన్ని నమ్మడానికి కూడా కంపెనీ అనుమతి కావాల్సిన మేధావులు మీకెవరికైనా తగిలారా?