ప్రతి భాగానికీ బొట్టు

ఆర్మరర్ అంటే తుపాకులు కాల్చేవాడని మా కంఠేశ్వర్ వాడలో అనుకుంటారు. పక్కింటివాళ్లు నాతో గట్టిగా మాట్లాడటానికే జంకుతారు. నిజానికి నేను చేసేది ఇంటి చాకిరీ లాంటిదే. విప్పడం, తుడవడం, నూనె వేయడం, మళ్లీ బిగించడం. సైన్యంలో అన్నేళ్లూ అదే చేశాను. రిటైరై వచ్చాక నిజామాబాద్‌లోనే ఒక సాయుధ దళం ఆయుధశాలలో మళ్లీ అదే చేస్తున్నాను. ఎంత సబ్బు రుద్దినా వేళ్ల నుంచి ఆ నూనె వాసన పోదు. నేను రొట్టె తుంచుతుంటే మా ఆవిడ ముఖం పక్కకు తిప్పుకుంటుంది. ఆమెకు అలవాటు కాలేదు, నాకు విసుగొచ్చేసింది.

ఆ వానాకాలం చివర్లో మాకు కొన్ని కొత్త పిస్తోళ్లు వచ్చాయి. సైన్యం తీసుకున్న రకమే. కొన్నాళ్లు వాడి చూసి, మంచిచెడ్డలు పైకి రాయాలి. నచ్చితే ఉంచుతారు, లేకపోతే పెట్టెల్లో పెట్టి వెనక్కి పంపుతారు. వాడి చూడటం అందరి పని. పగలంతా కాల్చి, మసి పట్టించి నా బల్ల మీద పడేస్తే కడగడం మాత్రం నా పని. కొత్త వస్తువు వచ్చిందంటే అందరికీ సంబరం, నాకు నడుంనొప్పి.

అయినా ఆ పిస్తోలు మంచిదని ఒప్పుకోవాలి. పాతదానిలా ఒకటే ముద్ద కాదు. లోపల ట్రిగ్గర్‌ను పట్టుకుని ఒక చిన్న ఇనుప గూడు ఉంటుంది. నంబరు దాని మీదే, కాగితాల్లో పిస్తోలంటే అదే. మిగతావన్నీ దానికి తొడిగేవి. పిడి కూడా అంతే, చిన్నదీ నడిమిదీ పెద్దదీ ఉంటాయి, ఎవరి చేతికి సరిపడేది వాళ్లు తొడుక్కోవచ్చు. మా ఆయుధశాల హెడ్ కానిస్టేబుల్‌ను అందరం హెడ్డు అంటాం. నాకంటే పెద్దవాడు, అన్న వరస. నేను మొదటిసారి దాన్ని విప్పుతుంటే పక్కనే నిలబడి నోరు తెరిచాడు.

“గిదేం పిస్తోలు తమ్మీ! అంగీ లాగు ఇప్పినట్టు ఇప్పవడితివి. లోపల మనిషి గింతనే ఉన్నడా?”

ఆ చిన్న పిడి ఎవరి కోసం వచ్చిందో నాకు చూడగానే తెలిసింది. మా దగ్గర మాక్లూర్ వైపు అమ్మాయి ఒకామె కానిస్టేబుల్‌గా ఉంది. వాళ్లమ్మ బీడీలు చుడుతుంది. ఈమె కూడా చదువుకునే రోజుల్లో చుట్టింది. పొట్టి వేళ్లు, సన్నటి చేయి. పెద్దవాళ్ల వెంట రక్షణగా ఉండే గన్‌మెన్ డ్యూటీ చేయాలని ఆమె పంతం. దానికి పిస్తోలు పరీక్ష నెగ్గాలి. పాత పిస్తోలు పిడి లావు, ఆమె వేలి కొస మాత్రమే ట్రిగ్గర్‌కు అందేది. లాగే సరికి గుండు పక్కకు పోయేది. అప్పటికే రెండుసార్లు తప్పింది. మూడోసారీ తప్పితే పేరు కొట్టేస్తారు, ఇక గేటు దగ్గర కూర్చోవలసిందే. “గన్‌మెన్ అంటరు గాని గన్‌ఉమెన్ అంటరా ఏడనన్న?” అని వెనక నవ్వేవాళ్లూ ఉన్నారు. ఆమె విననట్టు పోయేది, నాకు ఒళ్లు మండేది.

చిన్న పిడి తొడిగి చేతికిచ్చిన రోజున ఆమె మొదట గోడ వైపు గురిపెట్టి ఊరికే పట్టుకుంది. వేలు మడత దాకా ట్రిగ్గర్ మీదికి వచ్చింది. “అన్నా, అందుతున్నది!” అంది. తర్వాత సాధనలో గుండ్లన్నీ అరచేయంత చోటులో పడటం మొదలైంది. నేను కూడా మనిషినే, ఆ రోజుల్లో ఆమె పిస్తోలును కాస్త ఎక్కువ శ్రద్ధగా తుడిచాను.

దసరాకు నేను బోధన్ దగ్గర మా అక్క ఊరికి పోయాను. చెరకు తోటలు మనిషిని మింగేంత ఎత్తున ఉన్నాయి. చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డాక చెరకును దూరం తోలాల్సిన తిప్పల గురించి బావ ఏటా చెప్పేదే చెప్పాడు, నేను ఏటా విన్నట్టే విన్నాను. జమ్మి ఆకు చేతిలో పెట్టి, అలాయ్ బలాయ్ అని కౌగిలించుకుని, మర్నాడు పొద్దున్నే బస్సెక్కి సరాసరి ఫైరింగు మైదానానికి వచ్చాను. ఆ రోజే పరీక్ష.

హెడ్డు అప్పటికే అన్నీ తెచ్చి వరసగా పెట్టాడు. “మంచిగ తుడిచినా తమ్మీ, నువ్వేం రంది పడకు” అన్నాడు. పిస్తోళ్లు పైకి తళతళలాడుతున్నాయి.

కొత్తవాటితో కాల్చేవాళ్లలో మొదటి వంతు ఆమెదే. మొదటి గుండ్లు చక్కగా వెళ్లాయి. ఆ తర్వాత టక్‌మని చప్పుడైంది తప్ప పేలలేదు. తూటా మార్చింది. మళ్లీ టక్. ఆమె మెడ వెనక చెమట కారడం నాకు కనిపిస్తూనే ఉంది. పేలని తూటా తప్పిన గుండు కిందే లెక్క. తప్పు ఆయుధానిదని ఆర్మరర్ తేలిస్తేనే మళ్లీ కాల్చనిస్తారు. పరీక్ష చూడ్డానికి వచ్చిన అధికారి నా వైపు తిరిగాడు. నేను బల్ల మీద గుడ్డ పరిచి పిస్తోలు విప్పాను.

తూటా వెనక కొట్టే సూది ఒకటుంటుంది. అది కదిలే సన్నటి దారి పొడిగా ఉండాలి, నూనె చుక్క కూడా పడకూడదు. అందులోంచి ఎర్రటి ముద్ద బయటికి వచ్చింది. వాసన చూశాను. నువ్వుల నూనె, కుంకుమ.

నేను హెడ్డు వైపు చూశాను. ఆయనకు ఇంకా అర్థం కాలేదు.

“పూజ జేసిన తమ్మీ. ఏటా చేసుడే గదా. రైఫిలుకైతే కట్టె మీద ఒక బొట్టు వెడితె అయిపాయె. గీనికి గన్ని ముక్కలుండె. ఒకదానికి వెట్టి ఒకదానికి వెట్టకుంటె ఎట్ల? నువ్వు ఇప్పినట్టే ఇప్పి, అన్నిటికి నూనె రాసి బొట్టు వెట్టిన.”

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పాత రైఫిళ్లు నూనె తాగి బతికేవి. ఎంత రాస్తే అంత మంచిదని ఆయన ఉద్యోగం మొత్తం చూసిందే.

అధికారి ముద్దను చూశాడు, హెడ్డును చూశాడు. నన్ను పక్కకు పిలిచాడు.

“ఆయుధ లోపం అని రాద్దాం.”

“పిస్తోలు తప్పేం లేదు సార్. కడిగి ఇస్తాను, ఇప్పుడే కాల్పించి చూడండి.”

“కాల్పిద్దాం. కానీ పూజ వల్ల ఆయుధం పాడైందని నేను సంతకం పెట్టాలా? లోపమని రాస్తే ఆ అమ్మాయికి ఇంకో అవకాశం వస్తుంది, మీ హెడ్డు మీదికీ రాదు. ఇంకేం కావాలి మీకు?”

లోపమని రాస్తే ఈ పిస్తోళ్లు ఇక్కడ ఉండవని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. నాకు గట్టిగా అరవాలనిపించింది. కానీ ఎవరి మీద? పదవీ విరమణకు దగ్గరపడిన హెడ్డు తువ్వాలతో ముఖం తుడుచుకుంటూ నిలబడ్డాడు. ఆ అమ్మాయి గురిబల్ల వైపే చూస్తోంది. సరే సార్ అన్నాను. ఇలాంటి చోట్ల సరే అనడం నాకు బాగా అలవాటైపోయింది.

స్పిరిటుతో కడిగి, పొడిగుడ్డతో తుడిచి, బిగించి ఇచ్చాను. ఆమె కాల్చింది. ఒక్కటీ ఆగలేదు, ఒక్కటీ బయటికి పోలేదు. ఆ పిస్తోలుతోనే ఆమె నెగ్గింది. అదే మధ్యాహ్నం అది నమ్మదగ్గది కాదని రాసుకుపోయారు.

దీపావళి వెళ్లాక కొత్తవాటిని వాటి పెట్టెల్లో సర్ది పంపేశాం. పిడుల మీద ఎక్కడైనా కుంకుమ మిగిలిందేమోనని హెడ్డు కళ్లజోడు పెట్టుకుని మరీ వెతికాడు. ఆయన్ను చూస్తే కోపం రాలేదు, జాలేసింది.

ఆమె గన్‌మెన్ డ్యూటీ మొదటిరోజు ఆయుధం తీసుకోవడానికి నా కిటికీ దగ్గరికి వచ్చింది. బట్టలు మడత నలగలేదు. ముఖం వెలిగిపోతోంది. నా దగ్గర ఉన్నది పాత పిస్తోలే, అదే ఇచ్చాను. తీసుకుని, అలవాటుగా గోడ వైపు గురిపెట్టి ట్రిగ్గర్ మీదికి వేలు చాపింది. కొస మాత్రమే అందింది. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. చెల్లె, నాతోని ఏం కాలేదు అన్నాను.

ఆమె దాన్ని నడుముకు పెట్టుకుని బొత్తాం బిగించింది.

“పాసైతే అయిన గదన్నా. ఇగ గీన్ని పేల్చే అక్కర రావద్దని మొక్కు.”