మూడో రైడర్

మా కాలేజీ కబడ్డీ జట్టు మెయిన్ రైడర్ చదువు ముగించి వెళ్ళిపోయాక, ఆ చోటు ఎవరిదన్న చర్చ క్యాంటీన్‌లో నెలల తరబడి నడిచింది. జట్టును ఎంపిక చేసేది మేం కాదన్న చిన్న సంగతి మమ్మల్ని ఆపలేదు. సగంమందిమి ఏలూరు కుర్రాడన్నాం, సగంమందిమి చింతలపూడి కుర్రాడన్నాం.

"మీవాడు కూతకెళ్తే తిరిగొచ్చే దారి ఎవరో ఒకరు చూపించాలిరా!"

రోజూ అవే మాటలు. చెప్పే మాకే నీరసం వచ్చేది.

బల్ల చివర ఒక సీనియర్ కూర్చునేవారు. కైకలూరు నుంచి బస్సులో వచ్చేవారు. మూడేళ్లుగా జట్టులో సబ్‌స్టిట్యూట్. ఒక్క మ్యాచ్‌లోనూ కూతకు వెళ్ళలేదు. అయినా మోకాలి పట్టీ సాయంత్రం బస్సెక్కేదాకా తీసేవారు కాదు.

"సీనియర్ గారూ, ఎవరైతే బాగుంటుందంటారు?" అని అడిగితే, పట్టీ పైకి లాక్కుంటూ, "ఇద్దరూ బాగానే ఆడతారండీ," అనేవారు. మూడో మనిషి ఉన్నాడని ఆయనా అనలేదు, మాకూ తోచలేదు.

ఆయన ఆఖరి మ్యాచ్‌లో ఆ ఇద్దరికీ దెబ్బలు తగిలాయి. కోచ్ గారు బెంచీ వైపు చూసి, "నువ్వెళ్ళవయ్యా," అన్నారు. ఆయన వెళ్ళి, ఇద్దర్ని తాకి, వచ్చి గీత మీద పడ్డారు. లేచి, రొప్పుతూ మావైపు చూశారు.

అరుద్దామని అందరం నోళ్ళు తెరిచాం. ఏ పేరు పెట్టి అరవాలో మాలో ఎవరికీ తెలియదు.